సర్వేయరు వచ్చే ముందు బోటుకి రంగు వెయ్యాలా, వద్దా?

కళింగపట్నం బోటు:
జూన్ 14తో వేట నిషేధం అయిపోతుంది. ఈలోగా మా ఫైబర్ బోటుకి ఇన్సూరెన్సు చేయిద్దామంటే, ముందు సర్వేయరు చూడాలన్నారు. వచ్చే వారం వస్తాడట. మోటారు బిగించే వెనక చెక్క దగ్గర జానెడు బీట ఉంది. పుట్టీ పెట్టి రంగు కొట్టేస్తే సరి అంటాడు మా బావ. నాన్న వద్దంటున్నాడు. మీరేమంటారు?

భావనపాడు మావ:
కొట్టెయ్ అల్లుడూ. పెళ్లిచూపులకి పిల్లని మాసిన చీరలో కూర్చోబెడతామా? నిరుడు నేను ఉన్నదున్నట్టు చూపిస్తే, రంగు వెలిసిందని విలువ తగ్గించి రాశాడు ఒకాయన. ఇంకా మండుతోంది నాకు.

ఫైబర్ మేస్త్రి:
మావా, మీ మంట న్యాయమే. కానీ వెలిసిన రంగు వేరు, బీట వేరు. సర్వేయరు చేతిలో చిన్న సుత్తి ఉంటుంది. గట్టిగా ఉన్న ఫైబర్ మీద కొడితే ఖంగుమంటుంది. లోపల పొరలు విడిపోయినా, చెక్క కుళ్లినా దబ్‌మంటుంది. ఆ మోత రంగుతో మారదు. పైగా తడి చూసే మీటరు కూడా తెచ్చుకుంటాడు. కొత్త రంగు కనిపిస్తే చాలు, ఇక్కడేదో దాచారని అక్కడే పది దెబ్బలు ఎక్కువ కొడతాడు.

చాలా బోట్లలో వెనక చెక్క అంటే ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్డే. మోటారు బోల్టుల రంధ్రాల గుండా నీళ్లు దిగి అది నానిపోతుంది. అలాంటి దాన్ని పైన మూసేస్తే తడి లోపలే ఉండిపోయి ఇంకా కుళ్లుతుంది. మీరు చెయ్యాల్సింది: వలలూ ఐసుపెట్టెలూ దించేసి, మంచినీళ్లతో కడిగి, గుల్లలు గీకి, ఎండలో ఆరబెట్టండి. అడుగు కూడా చూసేలా దుంగల మీదికి ఎత్తండి. రిజిస్ట్రేషన్ నంబరు చెరిగిపోతే దాన్ని మాత్రం దిద్దండి. అది రంగు వెయ్యడం కింద రాదు!

భావనపాడు మావ:
సరే మేస్త్రీ. మరి ముందే రిపేరు చేయించి చూపిస్తే?

ఫైబర్ మేస్త్రి:
అది మంచిదే, చెక్క పొడిగా ఉంటే. విప్పినప్పుడూ కొత్త ఫైబర్ పొర (మ్యాట్) వేసినప్పుడూ ఫోటోలు తీసి, బిల్లు దాచి, ఆ చోటు రంగు వెయ్యకుండా వదిలెయ్యండి. తడి చెక్కయితే వారం చాలదు.

పూసపాటిరేగ నుంచి:
ఇంకో సంగతి. 1963 మెరైన్ ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం, పాలసీ తీసుకునేటప్పుడు మనకి తెలిసిన ముఖ్యమైన విషయం దాస్తే కంపెనీ ఆ పాలసీని రద్దు చేసుకోవచ్చు. బీట దాచి పాలసీ తీసుకుంటే, రేపు బోటు పోయినప్పుడు ప్రీమియం కట్టిన రసీదే మిగులుతుంది. వేట లైసెన్సు, ఇంజిన్ బిల్లు, పాత పాలసీ ఉంటే అదీ ఒక సంచిలో పెట్టుకోండి. ఇంజిన్ మీది నంబరు బిల్లుతో సరిపోయిందో లేదో ఇవాళే చూడండి. మా వాళ్లది ఒక అంకె తేడాతో నెల ఆగిపోయింది.

కళింగపట్నం బోటు:
ఇప్పుడే కొట్టి చూశాను. బీట దగ్గర ఖంగుమంది. దానికి జానెడు కింద, ఎవరూ అనుమానించని చోట, దబ్‌మంది. నాన్న ఏమీ అనలేదు. బోల్టులు విప్పుతున్నాడు. బావ రంగు డబ్బా తిరిగి ఇవ్వడానికి శ్రీకాకుళం వెళ్లాడు. షాపువాడు తీసుకుంటాడో లేదో.