ఉబుంటు కంప్యూటర్‌కి రాత్రంతా లాగిన్ ప్రయత్నాలు, ఏం చేయాలి?

దిల్‌సుఖ్‌నగర్‌లో మా అక్క ట్యూషన్ సెంటర్ నడుపుతుంది. అక్కడి పాత కంప్యూటర్‌లో ఉబుంటు 22.04 (విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఫీజుల లెక్కలు పెట్టాను. కూకట్‌పల్లిలోని మా ఇంటి నుంచి చూసుకోవడానికి రౌటర్‌లో 22వ పోర్టు తెరిచాను. దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ వాడేది ఆ పోర్టే.

నిన్న లాగ్ (లాగిన్ ప్రయత్నాల రికార్డు) చూస్తే గుండె ఆగినంత పనైంది. రూట్, అడ్మిన్, టెస్ట్ అనే పేర్లతో వరసగా "ఫెయిల్డ్ పాస్‌వర్డ్" లైన్లే. "యాక్సెప్టెడ్" అని ఉన్నవన్నీ నావే. అయినా తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు అందులోనే ఉన్నాయి, అదే టెన్షన్.

రూట్ (అన్ని అధికారాలూ ఉండే ఖాతా) లాగిన్ ఆపేశాను. ఎస్‌ఎస్‌హెచ్ కీతో (పాస్‌వర్డ్ బదులు వాడే కీ ఫైలు) లాగిన్ అవుతోంది. ఇక పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి, యూఎఫ్‌డబ్ల్యూ (ఉబుంటు ఫైర్‌వాల్) ఆన్ చేయాలి. ఏది ముందు చేస్తే నేను బయట ఉండిపోకుండా ఉంటాను? పదే పదే తప్పు పాస్‌వర్డ్ కొట్టే ఐపీ అడ్రస్‌లను ఆపేసే ఫెయిల్‌2బ్యాన్ కూడా కావాలా? లేక పోర్టు మూసేసి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ పెట్టుకోవడమే మేలా? తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.