ఐదో నెలలో పన్ను నొప్పి: మత్తు సూది వేయించుకోవచ్చా, కాన్పు దాకా ఓర్చుకోవాలా?

కొర్లగుంట కోడలు:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. నాకిప్పుడు ఐదో నెల, 19 వారాలు. కుడిపక్క కింది దవడ పన్ను పది రోజులుగా ప్రాణం తోడేస్తా ఉంది, నీళ్ళు తగిలితే చాలు చెవిదాకా జివ్వుమంటుంది, రాత్రిళ్ళు బుగ్గ పట్టుకొని కూర్చునే తెల్లారిపోతా ఉంది. పళ్ళ డాక్టరు మత్తు సూది వేసి రూట్ కెనాల్ చేయాల, ఒక ఎక్స్‌రే తీయాల అన్నాడు. కాన్పు డాక్టరమ్మ కూడా చేయించుకో అనింది. మా అత్త మాత్రం కడుపుతో ఉన్నోళ్ళకి మత్తేంది, లవంగ నూనె పెట్టుకొని ఓర్చుకో అంటా ఉంది. బిడ్డ మీద ప్రేమతోనే అంటా ఉంది, కాదన్లేక పోతున్నా. ఏం చేయాల?

పలమనేరు అక్క:
వద్దు తల్లీ. మా చెల్లెలికి రెండో నెలలో పన్ను పీకించినాము, వారం తిరక్కుండా కడుపు పోయింది. డాక్టర్లు దానికీ దీనికీ సంబంధం లేదన్నారు గానీ ఆరోజు దాని చెయ్యి పట్టుకొని కుర్చీ పక్కన నిలబడింది నేను. పన్ను పోతే కట్టుడు పన్ను పెట్టుకోవచ్చు.

పళ్ళ డాక్టరమ్మ, చిత్తూరు:
అక్కా, మీ చెల్లెలి విషయం చదివి మనసు కలుక్కుమనింది. కానీ ఒకమాట చెప్పాల. కడుపు నిలిచిందని తెలిసిన నూరు మందిలో పది నుంచి ఇరవై మందికి అది పోతుంది, ఎక్కువ మందికి మొదటి మూణ్ణెల్లలోనే, దాంట్లో సగం దాకా పిండంలో క్రోమోజోముల తేడా వల్లే. పన్ను పీకించుకోక పోయినా పోయుండొచ్చు. మీరు తీసుకపోయినందుకు జరిగిందని మాత్రం మనసులో పెట్టుకోవద్దు.

ఇంక ఈ భయమంతా "మత్తు" అనే మాటలో ఉంది. ఆపరేషన్‌కి ఒళ్ళు తెలియకుండా నిద్రపుచ్చేదాన్నీ మత్తే అంటాము, చిగురులో వేసేదాన్నీ మత్తే అంటాము. మేము వేసేది తిమ్మిరి సూది, లిగ్నోకెయిన్. ఆ దవడ మటుకే మొద్దుబారుతుంది, మనిషి మాట్లాడతానే ఉంటుంది. మామూలు కాన్పులో కింద కుట్లేసేటప్పుడు వేసేది కూడా ఈ మందే, దాన్ని ఏ అత్తా వద్దనదు కదా! 2015లో ఇజ్రాయెల్ వాళ్ళు గర్భంలో పళ్ళకి ఈ రకం సూది పడిన 210 మందినీ, పడని 794 మందినీ పోల్చి చూసినారు, బిడ్డల అవకరాల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఎక్స్‌రే కూడా అంతే, కిరణం పడేది బుగ్గ మీద, చాలాచోట్ల పొట్టకీ గొంతుకీ సీసం కవచం కూడా కప్పుతారు.

నేను భయపడేది చీముకి. పన్ను వేరులో చీము పట్టి దవడ కిందికి దిగితే గొంతు వాచి ఊపిరాడక పోయే దాకా పోతుంది, అప్పుడు తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ గండమే. పళ్ళు తెల్లగా చేయించుకోవడం, క్లిప్పులు, ఇంప్లాంట్లు లాంటివి కాన్పయినాక చూసుకోవచ్చు, నొప్పి మాత్రం ఆగదు. నాలుగు, ఐదు, ఆరు నెలలు దీనికి అనువైన కాలం, వాంతులు తగ్గుంటాయి, పొట్ట ఇంకా బరువెక్కదు.

ఇద్దరు బిడ్డల నాయన:
మా ఇంటామె ఏడో నెలలో ఇట్లే ఓర్చుకుంటానని మెడికల్ షాపులో నొప్పి బిళ్ళలు తెప్పించుకొని మింగింది. చెకప్‌లో ఆ అట్ట చూసి డాక్టరమ్మ మా ఇద్దర్నీ కోప్పడింది. సూదికి భయపడి దానికంటే చెడ్డదాన్ని ఇంట్లో తింటా ఉండాము.

పళ్ళ డాక్టరమ్మ, చిత్తూరు:
నిజం అన్నా. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి 20 వారాలు దాటినాక బిడ్డ కిడ్నీల మీద పడి ఉమ్మనీరు తగ్గిస్తాయని 2020లో అమెరికాలో మందుల్ని తనిఖీ చేసే సర్కారు సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. నొప్పికి పారాసెటమాల్, అదీ డాక్టరు చెప్పినంతే. చీముంటే యాంటీబయాటిక్‌ల్లో అమాక్సిసిలిన్ ఇస్తాము, డాక్సీసైక్లిన్ జోలికి మాత్రం పోము.

పలమనేరు అక్క:
నువ్వు చెప్పేది బుద్ధికి ఎక్కుతా ఉంది డాక్టరమ్మా, కడుపులో మాత్రం ఇంకా బెదురుగానే ఉంది. పాపా, పోయేటట్టయితే ఒక్కదానివే పోవద్దు.

కొర్లగుంట కోడలు:
నిన్న పొద్దున చేయించుకున్నా. అత్తనే తోడు తీసుకపోయినా. కుర్చీ పూర్తిగా వాల్చలేదు, దుప్పటి మడిచి కుడి నడుము కింద పెట్టి కొంచెం ఎడమకి ఒరిగించినారు, వెల్లకిలా పడుకుంటే పొట్ట బరువుకి పెద్ద రక్తనాళం నొక్కుకొని కళ్ళు తిరుగుతాయంట. సూది చీమ కుట్టినట్టు, ఐదు నిమిషాలకి సగం పెదవి నాది కాదనిపించింది. మధ్యలో అత్త లేచి వచ్చి "మాట్లాడతా ఉందే!" అని డాక్టరు మొహం చూసింది. రాత్రి పది రోజుల తర్వాత కన్ను మూతపడింది. శనివారం రెండో సిట్టింగ్.