వీల్‌చైర్‌లో తిరిగి డ్యూటీకి వస్తున్న ఉద్యోగి: అద్దె ఆఫీసులో ఏమేం మార్చాలి?

అడ్మిన్_కూకట్‌పల్లి

హైదరాబాద్‌లో 64 మంది పనిచేసే ప్రైవేటు ఆఫీసు, అద్దె భవనం, రెండో అంతస్తు. అకౌంట్స్‌లో ఒకాయనకు యాక్సిడెంట్‌లో వెన్నుపాము దెబ్బతింది. వచ్చే నెల నుంచి వీల్‌చైర్‌లో వస్తానని మెయిల్ పెట్టారు. "భవనం మనది కాదు కదా, ఇంటి నుంచే చేయమనండి, జీతం కొంచెం తగ్గిద్దాం" అంటోంది యాజమాన్యం. ఆయన మాత్రం ఆఫీసుకే వస్తానంటున్నారు.

కొలతలు ఇవీ. ముందు గుమ్మానికి మూడు మెట్లు, ఒక్కోటి 6 అంగుళాలు. మెట్ల ముందు గేటు దాకా 14 అడుగుల ఖాళీ. సెల్లార్‌లో పార్కింగ్, లిఫ్ట్ అక్కడి నుంచే మొదలు. లిఫ్ట్ మీద "8 మంది, 544 కిలోలు" అని ఉంది. టాయిలెట్ తలుపు ఫ్రేమ్‌తో కలిపి రెండున్నర అడుగులు.

ఇంటికి పరిమితం చేయడం చట్టప్రకారం కుదురుతుందా? ర్యాంప్ ఎంత పొడవు రావాలి? టాయిలెట్‌కు తలుపు ఒక్కటి మారిస్తే చాలా?

కొలతటేపు

ర్యాంప్ సంగతి తర్వాత. ముందు లిఫ్ట్ తేల్చుకోండి, అది కుదరకపోతే కింద ఎంత ఖర్చు పెట్టినా వృథా.

544 కిలోల లిఫ్ట్ అంటే సాధారణంగా లోపల 1300 మి.మీ. వెడల్పు, 1100 లోతు, తలుపు 800. పెద్దవాళ్ల మడత వీల్‌చైర్ 25 నుంచి 27 అంగుళాల వెడల్పు, ఫుట్‌రెస్ట్‌తో కలిపి 42 అంగుళాల దాకా పొడవు. అంటే దాదాపు 1070 మి.మీ. పట్టాలి గానీ, మిగిలేది ఒక అంగుళం. తర్వాత ఎవరైనా స్టీల్ ప్యానెల్ వేయించి ఉంటే ఆ అంగుళమూ పోతుంది, పాదం తగిలి తలుపు మూసుకోదు. కాబట్టి బోర్డు చూసి నమ్మకుండా టేపు పెట్టి కొలవండి. ఆయన వాడే కుర్చీ పొడవు ఎంతో ఫోన్ చేసి అడగండి, దాంతోనే సగం సందేహాలు తీరతాయి. లోపల కుర్చీ తిరగదు, వెనక్కే బయటికి రావాలి. అందుకని వెనక గోడకు అద్దం పెట్టించండి. లిఫ్ట్ అంతస్తుకు అర అంగుళం కంటే కిందా పైనా ఆగుతుంటే ముందు చిన్న చక్రాలు ఇరుక్కుంటాయి. ఇది మెయింటెనెన్స్ వాళ్లు సరిచేసే పనే.

ఇక ర్యాంప్. మూడు మెట్లు 18 అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు లెక్కన 18 అడుగులు. పైనా కిందా చెరో 5 అడుగుల సమతలం కలిపితే 28. మీకున్నది 14. నేరుగా రాదు, గోడ వెంబడి పక్కకు తిప్పాలి. ఇక్కడే మేస్త్రీ "ఉన్న జాగాలో స్లోపు వేసేద్దాం సార్" అంటాడు. సమతలాలు ఎగరగొట్టి 14 అడుగులూ స్లోపుకే ఇచ్చినా 1:9 (9 అడుగుల పొడవుకు అడుగు ఎత్తు) దగ్గర పడుతుంది. చేతులతో తోసుకునే మనిషికి అది నరకం, కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం కూడా. వెడల్పు 4 అడుగులకు తగ్గకూడదు. రెండు వైపులా రెయిలింగ్, రెండు ఎత్తుల్లో: 28–30 అంగుళాల దగ్గర ఒకటి, 34–36 దగ్గర ఒకటి. చక్రం జారిపోకుండా అంచుకు 3–4 అంగుళాల గట్టు.

పాలిష్ గ్రానైట్ వద్దే వద్దు, వానలో జారుతుంది. గరుకు తాండూరు బండో, చీపురు గీతలు పెట్టిన కాంక్రీటో చాలు. జారకుండా అని అడ్డంగా లోతుగా గాడులు కోయించకండి, చిన్న చక్రాలు వాటిలోనే దిగబడతాయి.

సెల్లార్ ఉంది కదా అని ఊరుకోవద్దు. ఆ వాలు కార్ల కోసం కట్టింది, దాని మీద కుర్చీ తోయడం ఎవరికీ క్షేమం కాదు. కారులో కూర్చుని దిగితేనే పనికొస్తుంది. అలా అయితే లిఫ్ట్ పక్కనే 12 అడుగుల వెడల్పు పార్కింగ్ వదలండి. కారు తలుపు పూర్తిగా తెరుచుకుని, పక్కన కుర్చీ నిలవాలంటే అంత కావాలి. జూలైలో సెల్లార్‌లో నీళ్లు నిలిస్తే ఆ దారి మూసుకుపోతుంది, కాబట్టి ముందు గుమ్మం దగ్గర ర్యాంప్ ఎలాగూ కావాలి. లిఫ్ట్‌కు జనరేటర్ కనెక్షన్ ఉందా, కరెంటు పోతే పక్క అంతస్తులో ఆగి తలుపు తెరవడం వరకేనా, అదీ కనుక్కోండి.

నల్లకోటు

చట్టం సంగతి నేను చెబుతాను. ముందు ఒక పొరపాటు సరిచేయాలి. ఇలాంటి సందర్భాల్లో అందరూ 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని సెక్షన్ 20(4) ఎత్తి రాస్తారు: ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, అవసరమైతే అదే జీతంతో వేరే పోస్టు ఇవ్వాలి అని. అది ప్రభుత్వ సంస్థలకు రాసింది. ప్రైవేటు కంపెనీ లాయరు మొదట కొట్టేసేది దాన్నే.

మీ కేసులో నిలబడేది అదే చట్టంలోని వివక్ష నిర్వచనమే. సెక్షన్ 2(హెచ్) ప్రకారం ఆ మనిషికి కావాల్సిన తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షే. సంస్థ మీద మోయలేని భారం పడకూడదన్న మినహాయింపు 2(వై)లో ఉంది. కానీ భారం అనాలంటే కాగితం మీద చూపాలి కదా, ర్యాంప్‌కు కొటేషన్ కూడా తీసుకోనివాళ్లు ఆ మాట ఎలా అంటారు? ఇంటి నుంచి పని ఆయన కోరితే సర్దుబాటు. మీరే రుద్ది, పైగా జీతం కోస్తే, అది సంస్థకు వ్యతిరేకంగా మీరే తయారుచేసి ఇచ్చిన సాక్ష్యం.

20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రైవేటు సంస్థకు ఈ చట్టం కింద వచ్చిన 2017 నిబంధనల్లో 8వది వర్తిస్తుంది: సమాన అవకాశాల విధానం పూర్తి వివరాలతో రాసి ప్రకటించాలి, దివ్యాంగ ఉద్యోగుల నియామకం, సౌకర్యాలు చూసే లైజాన్ ఆఫీసర్‌ను పెట్టాలి. విధానాన్ని దివ్యాంగుల కమిషనర్ దగ్గర నమోదు చేయడం సెక్షన్ 21. మీరు 64 మంది. ఫైల్లో అది ఉందో లేదో ఈ రోజే చూడండి, ఫిర్యాదు వెళ్తే మొదట అడిగేది అదే. చట్టం ఉల్లంఘిస్తే సెక్షన్ 89 కింద మొదటిసారి 10,000 రూపాయల దాకా జరిమానా, ఆ తర్వాత 50,000 నుంచి 5 లక్షల దాకా.

"భవనం మనది కాదు" అన్నదానికి: ఈ చట్టంలోని పబ్లిక్ బిల్డింగ్ నిర్వచనంలో ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు భవనాలూ ఉన్నాయి, పనిచేసే చోటు అన్న మాట కూడా ఉంది. ఉన్న భవనాలు సవరించుకోవడానికి ఇచ్చిన ఐదేళ్లు 2022లోనే అయిపోయాయి. రాజీవ్ రటూరి కేసులో 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, దివ్యాంగులకు అందుబాటు ప్రమాణాలను సిఫార్సులుగా వదిలేసిన, 2017 నిబంధనల్లోని 15(1) చట్టానికే విరుద్ధమని కొట్టేసింది, తప్పనిసరి నిబంధనలు చేయమంది. ఓనరుకు లెటర్ రాసి ఒప్పుకోలు రాతలో తీసుకోండి. ఖాళీ చేసేటప్పుడు ఎవరు ఏం తీసేయాలో అందులోనే రాయించండి. బోల్టులతో బిగించే స్టీల్ ర్యాంప్ అంటే ఓనర్లు తొందరగా ఒప్పుకుంటారు. అది ఫుట్‌పాత్ మీదికి మాత్రం రాకూడదు.

ఒకవేళ ఆయనే పోరాడాల్సి వస్తే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వచ్చు. కమిషనర్ సాక్షులను పిలిపించగలరు. ఇచ్చేది సిఫార్సే అయినా, దాన్ని అందుకున్నవాళ్లు అమలు చేశారో, చేయకపోతే కారణమేంటో మూడు నెలల్లో జవాబు చెప్పాలి.

ఇంకోటి. వైకల్య శాతం తేల్చే సర్టిఫికెట్ రానీ చూద్దాం అని కూర్చోకండి. 40 శాతం లెక్క రిజర్వేషన్ వంటివాటికి. వివక్ష నుంచి రక్షణకు ఆ గీత లేదు.

ఓటీ_వరంగల్

ఆక్యుపేషనల్ థెరపీ వైపు నుంచి. తలుపు ఒక్కటే మారిస్తే చాలదు. 30 అంగుళాల్లో ఫ్రేమే 5 తింటుంది, తలుపు మందం ఇంకో అంగుళం. మిగిలిన 24లో కుర్చీ దూరదు. 3 అడుగులు నికరంగా ఖాళీ రావాలి. స్లైడింగ్ తలుపు పెడితే జాగా కలిసొస్తుంది.

లోపల సుమారు 2 మీటర్లు × 2.2 మీటర్లు ఉండాలి, మధ్యలో 5 అడుగుల వలయం ఖాళీగా. కమోడ్‌కు ఒక పక్క గోడ, ఇంకో పక్క కుర్చీ నిలిచేలా 3 అడుగుల ఖాళీ. ఏ పక్క ఖాళీ కావాలో ఆయన్నే అడగండి, కుడి నుంచి జరిగేవాళ్లు ఎడమ నుంచి జరగలేకపోవచ్చు. సీటు ఎత్తు 18–19 అంగుళాలు. గోడకు వేలాడే కమోడ్ అయితే ఫుట్‌రెస్టులు కిందికి వెళ్తాయి, కుర్చీ దగ్గరగా వస్తుంది. వాష్ బేసిన్ కింద కప్‌బోర్డు ఉంటే తీసేయండి. గీజర్ ఉంటే వేడినీళ్ల పైపుకు తొడుగు వేయించాలి, కాళ్లలో స్పర్శ లేనివాళ్లకు కాలినా తెలియదు. మూత్రం కోసం క్యాథెటర్ వాడేవాళ్లుంటారు కాబట్టి చెయ్యి అందే ఎత్తులో చిన్న అర, మూత ఉన్న డస్ట్‌బిన్. ఈ గదిని స్టోర్ రూమ్ చేయకండి, చాలా ఆఫీసుల్లో చీపుర్లూ బకెట్లూ పెట్టేది ఇక్కడే.

టేబుల్ కింద మోకాళ్లకు 28 అంగుళాల ఎత్తు ఖాళీ ఉండాలి, సొరుగులు అడ్డం రాకూడదు. ఒత్తిడి పుండ్లు రాకుండా పావుగంటకో అరగంటకో ఒకసారి శరీరం ఎత్తి బరువు మార్చుకోవాలి, కాబట్టి రెండు గంటల మీటింగులో మధ్యలో కాసేపు బయటికి వెళ్లే వీలుండాలి. దెబ్బ ఛాతీ మధ్యభాగం, అంటే టీ6 (వెన్నెముకలో ఛాతీ భాగపు ఆరో ఎముక) దగ్గర గానీ ఆ పైన గానీ ఉంటే బీపీ హఠాత్తుగా పెరిగే సమస్య రావచ్చు: తలనొప్పి, ముఖం ఎర్రబడటం. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, బట్టలు వదులు చేసి, క్యాథెటర్ గొట్టం మడతపడిందేమో చూసి, తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఆయన ఒప్పుకుంటేనే పక్క సీటువాళ్లకు చెప్పండి.

కొలతటేపు

స్లైడింగ్ బాగుంది గానీ, నేల మీద ట్రాక్ ఉన్నది వద్దు, పై నుంచి వేలాడేదే. గడప కూడా తీసేయించండి.

అడ్మిన్_కూకట్‌పల్లి

టాయిలెట్ గోడ జిప్సమ్ పార్టిషన్. పట్టుకునే కడ్డీలు దానికే బిగించవచ్చా? మంటలు వస్తే కిందికి ఎలా?

కొలతటేపు

ఉత్త జిప్సమ్‌కు బిగిస్తే మొదటి వారంలోనే ఊడొస్తాయి, మనిషి బరువంతా పడేది అక్కడే. బోర్డు విప్పి లోపల స్టీల్ ఫ్రేమ్‌కు అడ్డంగా 18 మి.మీ. ప్లైవుడ్ వేసి మూయించండి. లేదా నేలకు బోల్టు చేసే కడ్డీలు తెచ్చుకోండి. రబ్బరు కప్పులతో అంటుకునేవి కొనొద్దు. బిగించాక ఒక బరువైన మనిషిని వేలాడమని చూడండి, తమాషా కాదు.

మంటలప్పుడు మామూలు లిఫ్ట్ వాడకూడదు. మెట్ల మీద జారే ఎవాక్యుయేషన్ చైర్ ఒకటి రెండో అంతస్తు మెట్ల దగ్గరే వేలాడదీయండి, సెల్లార్‌లో కాదు. దాన్ని దింపడం ఇద్దరు ముగ్గురికి నేర్పి, ఒకరు సెలవు పెడితే ఇంకొకరు ఎవరో బోర్డు మీద పేర్లు రాయండి. మొదటి డ్రిల్‌లో ఆయన్నే కూర్చోబెట్టొద్దు, ఖాళీ కుర్చీతో రెండుసార్లు దింపాక అప్పుడు ఆయన్ను అడగండి.