ఎన్జీవో ఫీల్డ్ పనిలో బాగా అలసిపోయాను, మీ అనుభవాలు చెప్పండి (నెల్లూరు, ప్రకాశం)

పెన్నాగట్టు
పదకొండేళ్లుగా నెల్లూరు జిల్లా యానాది గిరిజన కాలనీల్లో పనిచేస్తున్నాను. ఆధార్, రేషన్ కార్డు, కుల సర్టిఫికెట్, రొయ్యల గుంటల దగ్గర అడ్వాన్సు తీసుకుని కదల్లేకపోతున్న కుటుంబాలు. పనంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. కానీ ఆరు నెలలుగా నిద్ర లేదు, ఫోన్ మోగితే గుండె దడ. మార్చితో మూడేళ్ల ప్రాజెక్టు అయిపోతుంది. నాలుగు కాలనీల వాళ్లు ‘మళ్లీ ఎప్పుడొస్తావు అక్కా’ అంటుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. పైవాళ్లకి చెబితే ‘అందరికీ ఉండే టెన్షనే కదమ్మా’ అన్నారు. మీరెట్లా తట్టుకున్నారు?

కనిగిరి_నీళ్లు
అక్కా, నేను ఫ్లోరైడ్ ఊళ్లలో తొమ్మిదేళ్లు చేశాను. లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని ప్రమాణం. మా బోర్లలో చాలావాటికి అది దాటేది. ఎముకలకి పట్టిన ఫ్లోరోసిస్ తిరిగి పోదు. నడుము వంగిన తాత ‘నాకేమైనా తగ్గుద్దా అబ్బయ్యా’ అని అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని ఊరికే ఉండిపోయేవాణ్ణి.

మన చేతిలో ఉన్నది పిల్లలకి రాకుండా చూడటం. పుట్టినప్పటి నుంచి మంచినీళ్లు తాగిన పిల్లకి పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వస్తేగానీ మన పని ఫలించిందో లేదో కంటికి కనపడదు. అంటే ఏడెనిమిదేళ్లు. మూడేళ్ల ప్రాజెక్టులో రాసుకునేది ఎన్ని నీటిశుద్ధి ప్లాంట్లు పెట్టామన్నదే. ఒక ఊళ్లో ప్లాంటు ప్రారంభం ఫోటోలు రిపోర్టుకి ఎక్కాయి. నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పాడైన రోజు మాత్రం అక్కడ మా వాళ్లెవరూ లేరు, జనం మళ్లీ బోరు నీళ్లకే వెళ్లారు. పక్క ఊళ్లో ఇప్పటికీ నడుస్తోంది. కారణం ఒక్కటే, ఆ ఊరి కుర్రాడికే నెలజీతం ఇచ్చి పని నేర్పాం. బిందెకింత అని వసూలు చేసి, ఊరి ముందు లెక్క చదువుతాడు. మేం వెళ్లిపోయినా అతను ఉన్నాడు.

పద్దుల_పుస్తకం
ఒంగోలులో అకౌంట్స్ చూస్తాను. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) మార్చాక పరిపాలన ఖర్చు పరిమితి 50 శాతం నుంచి 20కి దిగింది. విదేశీ నిధి తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదన్నారు. మన చిన్న సంస్థలకి అక్కడే దెబ్బ తగిలింది. ఖర్చు తగ్గించాలంటే ముందు తీసేది స్టాఫ్ ట్రైనింగ్, సెలవులు, ఇన్సూరెన్సు. ఇది తప్పు, నేను మీటింగుల్లో కూడా చెబుతాను.

అమ్మా, పదిమందికి తగ్గకుండా స్టాఫ్ ఉన్న చోట ఐదేళ్లు ఆగకుండా చేస్తే గ్రాట్యుటీ హక్కు. మీ పాత ఆర్డర్లన్నీ ఒకచోట పెట్టుకుని రాతపూర్వకంగా అడగండి.

దూబగుంట_పక్కూరు
మా అమ్మ రాత్రి బడిలో అక్షరాలు దిద్దింది. అలాంటి ఆడవాళ్లే 1992లో సారాని ఊళ్లోకి రానీయలేదు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. ఎంతమంది సంతకం నేర్చారో లెక్కేసి వదిలేస్తే ఆ బడి విలువ తెలిసేదా? రోజూ ఒకచోట కూర్చుని కష్టం చెప్పుకున్నారు, అందుకే కదిలారు. మా టీమ్‌లో ఇప్పుడు నెలకొక పూట రిపోర్టులు పక్కనపెట్టి కూర్చుంటున్నాం. మొదటిసారి ముగ్గురు ఏడ్చారు. ఏడాదిగా ఒక్కరూ ఉద్యోగం మానలేదు.

అక్కా, నిద్ర సంగతి వదిలేయొద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

పెన్నాగట్టు
రాత్రి ఫోన్ చేశాను. ఇరవై నిమిషాలు విన్నారు. డాక్టర్ని కలవమన్నారు, సోమవారం వెళ్తున్నాను. పది రోజులు సెలవు కూడా అడిగాను.

కాలనీల్లో మార్చి సంగతి దాచకుండా చెప్పేశాను. ఎవరి సర్టిఫికెట్ ఏ ఆఫీసులో ఆగిందో ఒక నోటుబుక్కులో రాస్తున్నాం. రాసేది పదో తరగతి చదివిన ఆ కాలనీ అమ్మాయి. నిన్న తహసీల్దార్ ఆఫీసుకి తనే వెళ్లింది, నేను బయట చెట్టు కింద కూర్చున్నాను.