అప్‌డేట్: మా చిన్నాన్న పోటీకి వెళ్లొచ్చారు

46 ఏళ్ల మా చిన్నాన్న మళ్లీ వెయిట్‌లిఫ్టింగ్ మొదలుపెడతానంటున్నారు, ఆపాలా అని అడిగాను కదా. ఆపలేదు. మీరు చెప్పినట్టే ముందు గుండె పరీక్షలు చేయించాం.

మాది విజయనగరం జిల్లా, కొండవెలగాడ చుట్టుపక్కల బరువులెత్తడం కొత్తేం కాదు. 2000లో మన సిక్కోలు ఆడపడుచు కరణం మల్లీశ్వరి సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చినప్పుడు ఈయన ఇరవై దాటిన కుర్రాడు, ఆ పిచ్చి అప్పటిది.

ఈయన వెళ్లింది మాస్టర్స్‌కి, అంటే వయసు పైబడిన వాళ్లకి పెట్టే పోటీలు, అందులో ఐదేసి ఏళ్లకో వయసు గ్రూపు. చిన్నాన్న ఒంటి బరువు తూచేదాకా పిన్ని మంచినీళ్ల బాటిల్ తన సంచిలో దాచేసి కాపలా కూర్చుంది, తూకం అవగానే అరటిపళ్లు వరసగా తినిపించింది, పక్కనున్న కుర్రాళ్లు ఒకటే నవ్వు.

స్నాచ్‌లో, అంటే నేలమీది బార్‌ని ఒక్క ఊపులో తలపైకి ఎత్తడంలో, మొదటిసారి మోచెయ్యి వంగింది, ఎర్ర లైట్లు, చెల్లలేదు. రెండోసారి బార్ వెనక్కి పడిపోయింది. మూడోది కూడా పోతే ఇక మొత్తం స్కోరే లెక్కలోకి రాదు, బార్ మీద బరువు తగ్గించడానికీ రూల్ ఒప్పుకోదు, మా అందరికీ ఒకటే టెన్షన్. ఆయన తాపీగా సుద్దపొడి రాసుకుని, బొటనవేలు వేళ్లకింద బిగించి, ఒక్క ఊపులో లేపి నిలబడ్డారు. మోకాళ్లు వణుకుతున్నాయి గానీ మోచేతులు మాత్రం కదల్లేదు. "ఏటయ్యా, దించవేటి!" అని పిన్ని ఒకటే అరుపు, రిఫరీ సిగ్నల్ ఇచ్చేదాకా దించకూడదని ఆమెకి తెలీదు మరి. దించాక తెల్ల లైట్లు, చెల్లింది!

పోటీ మొత్తం మీద నాలుగో స్థానం వచ్చింది. నాకు చాలా గర్వంగా ఉంది. సోమవారం నుంచి మళ్లీ ప్రాక్టీసు, ఈసారి పిన్ని కూడా వెళ్తానంటోంది.