కుటుంబ ప్రార్థనలో పిల్లల ఆశ్చర్యం ఆరిపోకుండా ఏం చేయాలి?

కావలి_సండేస్కూల్:

అందరికీ వందనాలు. మా సంఘంలో చాలా ఇళ్ళల్లో రాత్రి ఎనిమిదింటికి కుటుంబ ప్రార్థన ఉంటుంది. ఒక పాట, ఒక అధ్యాయం, ఇంటిపెద్ద ప్రార్థన. ఆరేడేళ్ళ పిల్లలు కళ్ళు విప్పార్చుకుని వింటారు. పదేళ్ళు దాటేసరికి ఆమెన్ ఎప్పుడా అని ఎదురుచూస్తుంటారు. పెద్దల సంగతీ అంతే. 23వ కీర్తన పెదవుల మీద ఉంటుంది, మనసు కరెంటు బిల్లు దగ్గర ఉంటుంది.

బిడ్డలవంటివారు కావాలని ప్రభువే అన్నాడు కదా (మత్తయి 18:3). పిల్లల్లో ఉన్న ఆ ఆశ్చర్యం పోకుండా, పెద్దల్లో మళ్ళీ పుట్టేలా ఇంట్లో ఏం చేయొచ్చు? "వాక్యం ఎక్కువ చదవండి, ప్రార్థన ఎక్కువ చేయండి" అన్న జవాబు వద్దండి, అవి జరుగుతూనే ఉన్నాయి. ఏ భాగం చదవాలి, ఎంతసేపు, ఎక్కడ బెడిసికొడుతుంది, ఇవి చెప్పండి. ఖర్చు పెట్టే స్తోమత లేదు.

కొండకింద_ఒంగోలు:

ముందు ఆ వచనాన్నే నిదానంగా చూద్దామండి. మత్తయి 18లో శిష్యులు అడిగింది "ఎవడు గొప్పవాడు" అని. దానికి జవాబుగా ప్రభువు ఒక బిడ్డను మధ్యలో నిలబెట్టాడు. నాలుగో వచనంలో ఆయనే వివరించాడు: తన్ను తాను తగ్గించుకోవడం. అక్కడ ఆశ్చర్యం అన్న మాట లేదు. మార్కు 10:15లో ఉన్నది "అంగీకరించడం". లూకా 18:15కి వస్తే తెచ్చినవాళ్ళు శిశువులు. చేతిలో ఏమీ లేనివాళ్ళు, ఇస్తే పుచ్చుకునేవాళ్ళు. ఆశ్చర్యం ఆ పుచ్చుకోవడంలోంచే వస్తుంది. "ఇది నాకు రావలసిందే" అనుకునేవాడికి ఏదీ వింతగా ఉండదు. కాబట్టి ఆశ్చర్యపోండి అని పిల్లల్ని గానీ పెద్దల్ని గానీ పురమాయించకండి. మొహాన నటన వస్తుంది, అంతే. పౌలు కూడా బుద్ధి విషయంలో పెద్దవారై ఉండమన్నాడు (1 కొరింథీ 14:20), కాబట్టి ఇది తెలివిని పక్కన పెట్టే పని కాదు.

ఇక పద్ధతి. అధ్యాయం మొత్తం చదవడం ఆపండి. ఒక రాత్రికి ఏడు వచనాలు చాలు. 104వ కీర్తనతో మొదలుపెట్టండి, 35 వచనాలు, అయిదు రాత్రులకు సరిగ్గా సరిపోతుంది. మొదటిసారి ఒకరు చదవాలి, మిగతావాళ్ళు పుస్తకాలు మూసి వినాలి. రెండోసారి ఇంకొకరు చదవాలి. తర్వాత ప్రతి ఒక్కరూ తమకు తగిలిన ఒక్క మాట చెప్పాలి. "కొంగలు" అంటే "కొంగలు", అంతే, వివరణ వద్దు. ఆ మీదట ఒకే ప్రశ్న: "ఇందులో మనకు తెలియనిది ఏముంది?" దానికి మూడు నిమిషాలు. అన్నీ కలిపి పావుగంట దాటనివ్వకండి.

చెడేది ఎక్కువగా ఇక్కడే: ఇంటిపెద్ద ఆగలేడు. పిల్ల "సింహం పిల్లలు దేవుణ్ణి ఎట్లా అడుగుతాయి?" అంటుంది (21వ వచనం). ఆయన వెంటనే "అందుకే మనం కూడా ప్రార్థన చేయాలి" అని నీతి చెప్పి మూసేస్తాడు. ఆ పిల్ల రేపు అడగదు. నీతి ఉండొచ్చు, కానీ మర్నాటి దాకా ఆగమనండి.

కృతజ్ఞతలు చెప్పేటప్పుడు కూడా "ఆహారం కోసం, ఆరోగ్యం కోసం" అని మూటగా కట్టొద్దు. ఆ రోజు జరిగిన మూడు సంగతులు, పేరు పెట్టి చెప్పాలి. పప్పులో పడ్డ మామిడికాయ ముక్క, మధ్యాహ్నం సముద్రం మీద నుంచి వచ్చిన గాలి, ఇట్లా. "అనుదినము నూతనముగా" అని విలాపవాక్యాలు 3:23 అంటుంటే మనం నిన్నటి జాబితానే చదివితే ఎట్లా?

పెన్నాతీరం:

అన్న చెప్పినదానికి కలుపుతాను. కూర్చుని చదవడం ఒక్కటే అయితే రెండు వారాల్లో అదీ అలవాటైపోతుంది. ప్రభువు చెప్పిన క్రియాపదాలు చూడండి. మత్తయి 6:26లో పక్షులను "చూడుడి". 28లో అడవిపువ్వులు ఎలా ఎదుగుతున్నాయో "ఆలోచించుడి". లూకా 12:24లో కాకుల సంగతి "విచారించి చూడుడి". చూడమన్నదాన్ని మనం చదివి ఊరుకుంటున్నాం.

కాకిని చూడడానికి నేలపట్టు పక్షుల కేంద్రం దాకా వెళ్ళక్కర్లేదు. (వెళ్ళగలిగితే చలికాలంలో వెళ్ళండి, గూడబాతులు చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లలకు మేపు పెడుతుంటాయి. పులికాట్ సరస్సులో రాజహంసలు కూడా కనిపిస్తాయి.) ఇంటి ముందు వేపచెట్టు చాలు. పది నిమిషాలు కదలకుండా కూర్చుని, కాకి ఏం చేసిందో అయిదు సంగతులు పిల్లలే చెప్పాలి. ఎండాకాలం నుంచి తొలకరి దాకా గూడు కడుతుంది. ఆ గూట్లో కోకిల గుడ్డు పెట్టి వెళ్తుంది, కాకి దాన్ని పొదిగి ఆ పిల్లకూ తిండి పెడుతుంది. అది చూశాక యోబు 38:41 చదవండి. కాకిపిల్లలు మొఱ్ఱపెట్టేటప్పుడు ఆహారం సిద్ధపరచేవాడెవడు అన్న ప్రశ్న అది. ముందు చదివి తర్వాత చూపిస్తే అది పాఠమైపోతుంది. చూసి తర్వాత చదివితే వాక్యం వాళ్ళ కళ్ళకు తగులుతుంది.

రెండోది, వడ్లు. మన నెల్లూరు వైపు మండె కట్టడం (వడ్లు నానబెట్టి మూటలో మొలకెత్తించడం) తెలియని ఇల్లు తక్కువ. గుప్పెడు విత్తనపు వడ్లు 24 గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంచేసి, తడి గోనెపట్టాలో గానీ మందపాటి నూలు గుడ్డలో గానీ మూటకట్టి, మీద బరువు పెట్టి నీడన ఉంచండి. ఒకటి, రెండు రోజుల్లో తెల్లటి మొలక వస్తుంది. పక్కనే అదే కొలతలో బియ్యం కూడా అట్లాగే కట్టండి. బియ్యం మొలవదు. మరపట్టినప్పుడు పొట్టుతోపాటు మొలకెత్తే భాగమూ పోయింది కాబట్టి. రెండు మూటలూ పిల్లల చేత విప్పించి, మార్కు 4:27 చదవండి: "వానికి తెలియని రీతిగా" విత్తనం మొలిచింది. కారణం చెప్పగలిగాక కూడా ఆ "తెలియని రీతి" ఎక్కడికీ పోలేదని పెద్దలే ఒప్పుకుంటారు. అదే మొలక పట్టుకుని యోహాను 12:24 కూడా చదవొచ్చు.

మొలక రాకపోతే కారణాలు మామూలువే: కొత్తగా కోసిన వడ్లకు నిద్రావస్థ ఉంటుంది, మొలవడానికి మొరాయిస్తాయి. మూటలో నీళ్ళు నిలిస్తే కుళ్ళు వాసన వస్తుంది. గుడ్డ ఆరిపోతే మొలక ఎండిపోతుంది. మొలవకపోయినా దాచిపెట్టకండి, అట్లాగే చూపించండి.

మూడోది ఆకాశం. మన తీరాన క్రిస్మస్ దాకా వానమబ్బు అడ్డం వస్తుంది, కాబట్టి సంక్రాంతి దాటాక, అమావాస్య దగ్గరి రాత్రి పెట్టుకోండి. మైపాడు, కొత్తపట్నం లాంటి చోట దీపాలకు దూరంగా వెళ్ళగలిగితే మంచిది, లేకుంటే మేడ మీద. కళ్ళు చీకటికి అలవాటు పడడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కరు ఫోను తీసినా మళ్ళీ మొదటికొస్తుంది. ఫోన్లన్నీ ఒక సంచిలో వేసి కిందే వదిలేయండి. జనవరి చివర ఎనిమిదింటికి నడినెత్తికి దగ్గరలో పిల్లలకోడి కనిపిస్తుంది. అదే కృత్తిక. మామూలు కంటికి ఆరేడు చుక్కలు. తూర్పు వైపు వరుసగా మూడు చుక్కలున్న గుంపు ఉంది చూడండి, మన బైబిల్లో మృగశీర్ష అన్నది దాన్నే. "కృత్తిక నక్షత్రములను నీవు బంధింపగలవా?" (యోబు 38:31) అక్కడే గట్టిగా చదవండి. కృత్తిక వెలుగు మనల్ని చేరడానికి 400 ఏళ్ళకు పైనే పడుతుందన్న సంగతి ఆ తర్వాత చెప్పండి. 8వ కీర్తన మూడు, నాలుగు వచనాలు చివర్లో. పాట వద్దు, కాసేపు ఊరుకోండి.

కావలి_సండేస్కూల్:

చాలా ఉపయోగంగా ఉందండి. రెండు అడ్డంకులు. కొందరు పెద్దలు "ఇది ఆట, భక్తి కాదు" అంటున్నారు. రెండోది కష్టం: ఒక పాప "అందరం ప్రార్థన చేశాం, అయినా నాయనమ్మ ఎందుకు చనిపోయింది?" అని అడిగింది. అక్కడ ఆశ్చర్యం మాట ఎట్లా ఎత్తాలి?

కొండకింద_ఒంగోలు:

రెండోదానికి ముందు చెబుతాను. అక్కడ ఎత్తకండి. ఆ పాపకు కాకినీ చుక్కల్నీ చూపించడం అన్యాయం. బిడ్డవంటి విశ్వాసంలో ఏడుపు కూడా ఉంది. 13వ కీర్తన ఆరు వచనాలు. మొదటి రెండింటిలోనే "ఎంతవరకు" అన్న ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది. అది చదివి, "నీ ప్రశ్న బైబిల్లోనే ఉందమ్మా" అనండి. మీకు జవాబు లేకపోతే "నాకు తెలియదు తల్లీ" అనండి. "దేవుడికి ఆమె ఇంకా ఇష్టం కాబట్టి తీసుకెళ్ళాడు" అని మాత్రం అనొద్దు. ఆ పిల్ల ఆ రాత్రి నుంచి అమ్మను కూడా తీసుకెళ్తాడేమోనని భయపడుతుంది. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, దాన్ని ఎవరూ తీసేయలేదు. నాలుగైదు వారాలయ్యాక 131వ కీర్తన, మూడే వచనాలు. పాలు మానిన పిల్ల తల్లి దగ్గర ఏమీ అడగకుండా ఊరికే ఆనుకుని ఉంటుంది. ఆ పాప పక్కన మీరూ అట్లా కూర్చోండి.

పెద్దల సంగతి: వాళ్ళను ఒప్పించే ప్రయత్నం చేయకండి. వడ్ల మూట వాళ్ళ చేతే కట్టించండి. వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

గుండ్లకమ్మ_రేవు:

ఒకటి మరిచారు. మన సొంత చరిత్ర. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2222 మందికి బాప్తిస్మం ఇచ్చిన సంగతి ప్రతి మహాసభలో వింటాం. విని విని అదొక అంకె అయిపోయింది. పిల్లలకు వెనక నుంచి చెప్పండి. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ప్రార్థించినవాళ్ళు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది: అమెరికన్ బాప్టిస్టు మిషనరీలు జూయెట్ దంపతులు, వాళ్ళతో కొద్దిమంది తెలుగువాళ్ళు. అదే మిషనుకు చెందిన క్లౌ గారు ఒంగోలు వచ్చింది 1866లో, అంటే పన్నెండేళ్ళ తర్వాత. 1867 జనవరి 1న సంఘం మొదలైంది ఎనిమిది మందితో. 1876 నుంచి కరువు. క్లౌ గారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి చూపించారు. తిండి కోసం వస్తున్నారేమోనని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపారు. కరువు తగ్గాక కూడా జనం వచ్చారు, అప్పుడు జరిగింది అది. ముందురోజు 614, ఆ రోజు 2222, మర్నాడు 700, మొత్తం 3536.

ఇక్కడ ఆపి పిల్లలకు పలక ఇవ్వండి. ఒకేసారి ఇద్దరు బోధకులు నీళ్ళలో నిలబడి ఇచ్చారు. ఒక్కొక్కరికి అర నిమిషం అనుకుంటే 2222 మందికి ఎంతసేపు? తొమ్మిది గంటలు దాటుతుంది. ఆ తర్వాత వాళ్ళే అడుగుతారు: చలి వేయలేదా, చేతులు నొప్పి పుట్టలేదా, ముసలివాళ్ళు ఎట్లా దిగారు అని. అడగనివ్వండి.

పెన్నాతీరం:

ఇందాక ఒకటి చెప్పలేదు. బియ్యం మూట వడ్ల మూటను తాకకుండా వేరే గిన్నెలో పెట్టండి. నానిన బియ్యం ఒక్క రోజులోనే పులుస్తుంది, ఆ నీళ్ళు తగిలితే వడ్లూ పాడవుతాయి.