స్టార్ గ్రాఫ్ హీట్ ట్రేస్: 1 రావాల్సిన చోట −0.78 వస్తోంది

త్రిశాఖ: క్వాంటం గ్రాఫ్ (ఎడ్జ్‌ల మీద తరంగ సమీకరణం రాసిన గ్రాఫ్) మీద ట్రేస్ ఫార్ములా, అంటే ఐగెన్ విలువల్ని గ్రాఫ్ ఆకారంతో కలిపే సూత్రం, సరిచూస్తున్నాను. మూడు ఎడ్జ్‌లు, ఒక్కోటి పొడవు 1. నడిమి వెర్టెక్స్ దగ్గర కిర్కాఫ్ షరతు (విలువలు కలవాలి, డెరివేటివ్‌ల మొత్తం సున్నా), చివర్లలో నాయ్‌మన్ (డెరివేటివ్ సున్నా). పొటెన్షియల్ లేదు. టీ = 0.1 పెట్టి హీట్ ట్రేస్ (ప్రతి ఐగెన్ విలువ కె²కి e^(−కె²·టీ) వేసి కూడిన మొత్తం) కట్టి, అందులోంచి (మొత్తం పొడవు)/(2√(π·టీ)) తీసేసి, మిగిలింది రెట్టింపు చేశాను. 4 వెర్టెక్స్‌లు, 3 ఎడ్జ్‌లు కాబట్టి ఆయిలర్ సంఖ్య 4 − 3 = 1 రావాలి. −0.78 వస్తోంది. మరిన్ని ఐగెన్ విలువలు కలిపినా అంకె కదలడం లేదు. మూలాలు (కె విలువలు) పట్టింది, షరతులన్నీ కలిపి రాసిన 6×6 మాత్రిక డిటర్మినెంట్ సున్నాకి పడే చోట్లు చూసి.

కక్ష్యలెక్క: జంట మూలాల్ని ఒక్కసారే లెక్కేశారండి. కె = π/2, 3π/2, 5π/2 దగ్గర నడిమి విలువ సున్నా. మూడు కొమ్మల డెరివేటివ్‌ల మొత్తం సున్నా అయితే చాలు కాబట్టి స్వతంత్ర పరిష్కారాలు రెండు. వైల్ లెక్కతో (మొత్తం పొడవును బట్టి మూలాల సగటు సంఖ్య చెప్పే సూత్రం) ముందే పట్టుకోవచ్చు: మొత్తం పొడవు 3 అయితే కె π పెరిగిన ప్రతిసారీ సగటున 3 మూలాలు ఉండాలి, మీకు 2 మాత్రమే దొరికాయి.

డిటర్మినెంట్ వదిలేసి, అదే 6×6 మాత్రికకి సింగులర్ విలువలు తీయండి. ఎన్ని సున్నాకి పడితే అన్ని మూలాలు. మూడు టాన్‌ల మొత్తం సున్నా అనే సమీకరణం వాడితే ఇంకా ప్రమాదం, ఈ జంటలు అసలు కనిపించవు.

త్రిశాఖ: సరిగ్గా అదే. 0, π, 2π, 3π ఒక్కోసారి, ఆ మూడూ రెండేసిసార్లు, మొత్తం 10 విలువలు. ట్రేస్ 3.1761, తీసేయాల్సింది 2.6762, తేడా 0.4999. రెట్టింపు 0.9998. ఆ మిగిలిన 0.0002 రౌండింగా?

కక్ష్యలెక్క: కాదు, అది పీరియాడిక్ ఆర్బిట్‌ల (గ్రాఫ్ మీద బయల్దేరిన చోటికే తిరిగొచ్చే దారుల) వంతు. నడిమి నుంచి చివరికి వెళ్లి తిరిగొచ్చే ఆర్బిట్ పొడవు 2. డిగ్రీ 3 (మూడు ఎడ్జ్‌లు కలిసే) వెర్టెక్స్ దగ్గర వెనక్కి తిరిగే గుణకం 2/3 − 1 = −1/3, అలాంటివి మూడు. ఘాతం −2²/(4×0.1) = −10. వీటిని ఆర్బిట్ పొడవు 2తోనూ, 1/(2√(π·టీ))తోనూ గుణిస్తే −0.00008, రెట్టింపు చేస్తే −0.00016. మీ తేడా అచ్చంగా అదే. నాకు ఈ ఫార్ములాలో అందమంతా ఇక్కడే కనిపిస్తుంది: దశాంశాల చివర్లో కూడా గ్రాఫ్ ఆకారం పలుకుతుంది. ఈ ఫార్ములా హీట్ ట్రేస్ రూపాన్ని గణితవేత్త రోత్ 1983లో ఇచ్చారు. క్వాంటం కేయాస్ వైపు తెచ్చింది 1997లో భౌతిక శాస్త్రవేత్తలు కొట్టోస్, స్మిలాన్‌స్కీ.

వలయం: పొడవులు వేర్వేరుగా ఉంటే టీ ఎంపికకి ఒక సూత్రం. అతి చిన్న ఎడ్జ్ పొడవు వర్గాన్ని 10తో భాగించండి. లూప్ (మొదలైన వెర్టెక్స్ దగ్గరే ముగిసే ఎడ్జ్) ఉంటే దాని సగం పొడవు తీసుకోవాలి, ఒక చుట్టు చుడితేనే ఆర్బిట్ పూర్తవుతుంది కదా. ఆర్బిట్ వైపు నుంచి లెక్కించేటప్పుడు లూప్‌ని రెండు దిశల్లోనూ వేరువేరుగా వేయాలి, ఒక దిశ మర్చిపోతే ఫలితం సగమే వస్తుంది. చివర్లలో డిరిక్లే షరతు (విలువ సున్నా) పెడితే ప్రతి చివరికీ రెట్టింపు చేసిన అంకెలో 1 తగ్గుతుంది. మీ స్టార్‌లో మూడు చివర్లూ మారిస్తే −2 వస్తుంది. అప్పుడు దాన్ని ఆయిలర్ సంఖ్యగా చదవకూడదు.

త్రిశాఖ: పొటెన్షియల్ కలిపితే?

కక్ష్యలెక్క: స్థిరాంకం చెక్కుచెదరదు, కానీ తప్పు ఇక ఘాతంలా ఆరిపోదు. రెట్టింపు చేసిన అంకెలో ముందుగా −√(టీ/π) × (పొటెన్షియల్ ఇంటిగ్రల్) చేరుతుంది. ఒక్క టీతో సరిపెట్టకుండా నాలుగైదు చిన్న టీలకి లెక్కగట్టి, √టీకి వ్యతిరేకంగా గీసి, సున్నా దగ్గరికి పొడిగించండి. టీని నాలుగో వంతు చేస్తే కె పరిధి రెట్టింపు కావాలి, అంటే ఐగెన్ విలువలు కూడా రెట్టింపు.